ఇంగ్లీషులోని గ్రీకు పదాలు: తత్సమాలు తెలిసినవారికి దగ్గరి దారి

ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేటలో తవ్వి తీసే ఖనిజాన్ని జనం ముగ్గురాయి అంటారు. గనుల లెక్కల్లో అదే బెరైటీస్. చేతిలోకి తీసుకుంటే, అంతే పరిమాణంలో ఉన్న మామూలు రాయి కంటే ఎంతో బరువుగా తోస్తుంది. చమురు బావులు తవ్వేటప్పుడు అడుగునుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అణచడానికి బావిలోకి పంపే బురదలో ఈ రాతిపొడిని కలుపుతారు, ఎందుకంటే ఆ బురదకు బరువు కావాలి. పేరు కూడా ఆ గుణం నుంచే పుట్టింది. గ్రీకులో ‘బరుస్’ అంటే బరువైనది. ఆ ఒక్క మాట తెలిస్తే, ఈ రాతిలో ఉండే బేరియం, గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్, వాతావరణ పటంలో సమాన పీడనం ఉన్న చోట్లను కలిపే ఐసోబార్ గీతలు అన్నీ ఒకే ఇంటివని తెలిసిపోతుంది.

సీమలో ఇలాంటి పేర్లకు కొదవ లేదు. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనానికి వృక్షశాస్త్రం పెట్టిన పేరు టెరోకార్పస్ శాంటలైనస్. ‘ప్తెరొన్’ అంటే రెక్క, ‘కర్పొస్’ అంటే ఫలం. ఎండి రాలిన ఎర్రచందనం కాయను ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి: నడుమ గింజ ఉన్న చోట ఉబ్బుగా, గట్టిగా ఉంటుంది, దాని చుట్టూ కాగితమంత పలచని రెక్క గుండ్రంగా అల్లుకుని ఉంటుంది, గాలి వీస్తే తల్లిచెట్టుకు దూరంగా కొట్టుకుపోయి పడడానికి. రెక్క కల ఫలం కలది అని విగ్రహవాక్యం చెప్పుకుంటే అది చక్కని బహువ్రీహి సమాసం. అనంతపురం రైతు బతుకంతా ముడిపడిన వేరుశనగకు 1753లో లినేయస్ పెట్టిన పేరు అరాకిస్ హైపోజియా. ‘హుపొ’ అంటే కింద, ‘గే’ అంటే భూమి. పూత పైన పూసి, ఊడ నేలలోకి దిగి, మట్టి అడుగున కాయ కట్టే పంటకు ఇంతకంటే తగిన పేరు దొరకదు. లేపాక్షి నంది ఏకశిల కనుక మోనోలిత్. వేంపల్లె సున్నపురాళ్లలో కనిపించే పొరలు పొరల శిలలు, సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవులు పేర్చినవి, స్ట్రొమటొలైట్లు: ‘స్త్రోమ’ అంటే పరచినది, ‘లిథొస్’ అంటే రాయి. ఆ పేరును 1908లో కాల్కోవ్‌స్కీ అనే జర్మన్ భూగర్భశాస్త్రజ్ఞుడు కూర్చాడు.

ఇంగ్లీషు పదసంపద పెంచుకోవాలనుకునే మన విద్యార్థులకు ఇవన్నీ రూట్ వర్డ్స్ అనే పట్టికలుగా ఎదురవుతాయి. ఎడమవైపు మూలం, కుడివైపు అర్థం. వందల కొద్దీ వరసలు. పోటీ పరీక్షకు ముందు బట్టీ పట్టడం, పరీక్ష అయ్యాక మరిచిపోవడం. నాకు ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. తెలుగు మాధ్యమంలో సమాసాలు, సంధులు, ఉపసర్గలు చదువుకున్న పిల్లవాడి దగ్గర ఈ పదాలను విప్పే విద్య ముందునుంచే ఉంది. అది ఉందని ఎవరూ చెప్పకపోవడం వల్ల, తెలిసిన దాన్నే తెలియనిదిగా భావించి భయపడుతున్నాడు.

మొదట అసలు సంబంధం ఏమిటో తేల్చుకోవాలి. ఇంగ్లీషు గ్రీకు నుంచి పుట్టిన భాష కాదు. దాని పుట్టుక జర్మన్, డచ్ భాషల వైపుది. ఇల్లు, నీరు, చేయి, తినడం, నడవడం వంటి పనులకు దానికి సొంత మాటలే ఉన్నాయి. శాస్త్రం, వైద్యం, తత్త్వం, రాజనీతి దగ్గరికి వచ్చేసరికి లాటిన్ నుంచి, గ్రీకు నుంచి తెచ్చుకుంది. తెలుగుది కూడా ఇదే పరిస్థితి. ఇల్లు, నీళ్లు, చేయి మన మాటలు. గృహప్రవేశం, జలాశయం, హస్తకళ సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలు. తెలుగు ద్రావిడ భాష అనీ, సంస్కృతపు కూతురు కాదనీ మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ 1816లోనే, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆధారాలతో చూపించాడు. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత 1852లో వెలువరించిన నిఘంటువులో, మాట పక్కనే అది తెలుగా, సంస్కృతమా, మరో భాషదా అని గుర్తు పెట్టాడు. మాట అర్థం తెలుసుకోవడంతో పాటు అది ఏ ఇంటినుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆ అలవాటే ఇంగ్లీషు చదివేటప్పుడు కూడా మనకు కావలసింది.

గ్రీకు మాటలు ఇంగ్లీషులోకి ఒకేసారి రాలేదు. చాలా పాతకాలంలో క్రైస్తవ మతంతో పాటు వచ్చినవి నోళ్లలో నాని గుర్తుపట్టలేనంతగా అరిగిపోయాయి. బిషప్ అనే మాట ‘ఎపిస్కొపొస్’ నుంచి వచ్చిందంటే, అంటే పైనుంచి చూసేవాడు, పర్యవేక్షకుడు, ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. రెండో దఫాలో లాటిన్, ఫ్రెంచి పండితుల పుస్తకాల మీదుగా వచ్చినవి డెమోక్రసీ, ఫిలాసఫీ వంటివి. ఇవి ప్రాచీన గ్రీకులు నిజంగా వాడిన మాటలే. మూడో దఫాకు చెందినవే ఇప్పుడు లెక్కకు మిక్కిలి: టెలిగ్రాఫ్, ఫొటోగ్రఫీ, స్టెతస్కోప్, డైనోసార్ వంటివి. వీటిని ఏ ప్రాచీన గ్రీకూ వినలేదు. గ్రీకు ముక్కలు తీసుకుని ఐరోపా శాస్త్రజ్ఞులు కొత్తగా కట్టిన సమాసాలు ఇవి. డైనోసార్ 1842లో రిచర్డ్ ఓవెన్ కల్పన. భయంకరమైన బల్లి అని అర్థం. సైక్లోన్ అనే మాట పుట్టింది మన దేశంలోనే: బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉండగా, గాలి వలయంగా తిరగడం గమనించి, ‘కుక్లొస్’ అనే గ్రీకు మాట నుంచి దాన్ని తయారుచేసి, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చాడు. కుక్లొస్ అంటే చక్రం. మన వీధుల్లో తిరిగే సైకిలు కూడా ఆ మాటే.

మన శాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసినవారూ సరిగ్గా ఇదే పని చేశారు. ఆక్సిజన్‌కు ఆమ్లజని, హైడ్రోజన్‌కు ఉదజని. ఈ రెండు మాటలనూ ఏ సంస్కృత కవీ ఎరగడు. సంస్కృతపు ముక్కలతో కొత్తగా కట్టినవి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజియే ‘ఒక్సుస్’, అంటే పుల్లనిది, దానికి పుట్టుకను తెలిపే ‘గెన్’ చేర్చి 1777లో ఆక్సిజన్ కల్పించాడు. మనవారు ఆమ్లానికి జని చేర్చారు. ఇక హైడ్రోజన్‌లోని మొదటి ముక్క ‘హుదోర్’, నీరు. ఉదకంలోని ఉద, హుదోర్ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవి. జని, గెన్ కూడా అంతే. అనువాదం చేసినవారు అర్థాన్ని అనుసరించి మాట కడితే, అది రెండు ముక్కల్లోనూ అసలు మాటకు రక్తసంబంధి అయి కూర్చుంది.

ఈ రక్తసంబంధం యాదృచ్ఛికం కాదు. సంస్కృతానికీ గ్రీకుకూ లాటిన్‌కూ ధాతువుల్లో, వ్యాకరణ రూపాల్లో ఉన్న పోలిక కాకతాళీయంగా వచ్చేది కాదనీ, మూడూ బహుశా ఇప్పుడు లేని ఒకే భాష నుంచి పుట్టి ఉండాలనీ 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పాడు. ఆ తర్వాతి పండితులు ధ్వనుల మార్పులను నియమాలుగా నిరూపించారు. మనకు బాగా పనికివచ్చే నియమం ఒకటుంది: సంస్కృతంలో మాట మొదట అచ్చు ముందు స ఉన్న చోట గ్రీకులో చాలాసార్లు హ ఉంటుంది. సప్త అక్కడ ‘హెప్త’. ఏడు భుజాల ఆకృతి హెప్టగన్. సమ అక్కడ ‘హొమొస్’. అంతటా సమంగా ఉండేది హోమోజీనియస్. నడుముకో ఛాతీకో ఒకవైపు పట్టీలా పొక్కులు లేచి మంటపుట్టించే జబ్బును మన ఊళ్లలో సర్పి అంటారు. డాక్టరు చీటీ మీద అది హెర్పిస్ జోస్టర్. ‘హెర్పో’ అనే గ్రీకు క్రియకు పాకుతాను అని అర్థం, సర్పంలోని సృప్ ధాతువు దానికి తోబుట్టువు. స స్థానంలో హ వచ్చింది, అంతే. ‘జోస్తేర్’ అంటే నడికట్టు. అక్కడివారూ ఇక్కడివారూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ఒంటిమీద పాకుతూ వ్యాపించే ఆ తీరును చూసి ఒకే ధాతువుతో పేరు పెట్టుకున్నారు.

ఒకసారి ఈ చూపు అలవడితే కర్నూలు పెద్దాసుపత్రిలో విభాగాల బోర్డులు, పరీక్షల రిపోర్టులు ఇంతకుముందులా కనిపించవు. ఎముకలకు సంబంధించిన ఆస్టియో అనే ముక్కలో మన అస్థి ఉంది. హెపటైటిస్‌లోని ‘హేపర్’ మన యకృత్తుకు చుట్టం. న్యూరాలజీలోని ‘నెఉరొన్’ మొదట నులితాడులాంటి స్నాయువును చెప్పిన మాట. స్నాయువు అనే మాటతోనే దానికి సంబంధం. పళ్ల వరుస సరిచేసే ఆర్థోడాంటిక్స్‌లో దంతం ఉంది. డయాగ్నోసిస్‌లోని ‘గ్నో’ మన జ్ఞానంలోని జ్ఞా. ఆక్టోపస్ అష్టపాది, ట్రైపాడ్ త్రిపాది. థర్మామీటర్‌లోని ‘థెర్మొస్’, ఏప్రిల్ ఎండలో మన ఒంటినుంచి కారే ఘర్మజలంలోని ఘర్మం ఒకటే. రెంటికీ మూలార్థం వేడి. చివరికి అనంతపురం, కర్నూలు మెట్రోపాలిస్‌లు కాకపోయినా, అనంతపురంలోని పురం మెట్రోపాలిస్‌లోని ‘పొలిస్’కు దగ్గరి బంధువే.

ఉపసర్గల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఒక ఉపసర్గ తెలిస్తే వంద మాటలకు తలుపు తెరుచుకుంటుంది. మన పరి అక్కడ ‘పెరి’: చుట్టుకొలత పెరిమీటర్. ఉప అక్కడ ‘హుపొ’, ఉపరి అక్కడ ‘హుపెర్’, అప అక్కడ ‘అపొ’. దుర్, దుష్ అనే చెడ్డ అర్థపు ఉపసర్గ అక్కడ ‘దుస్’. పేగులు చెడిపోవడం డిసెంట్రీ. సు అక్కడ ‘ఎఉ’. చనిపోయిన మనిషి గురించి మంచిగా చెప్పే మాట యూలజీ. వీటన్నిటిలో నాకు అన్నింటికంటే ముచ్చటగా అనిపించేది నిషేధార్థకమైన అ. సంస్కృతంలో హల్లు ముందు అ, అచ్చు ముందు అన్ వస్తుందని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం: అశాంతి, అధర్మం, కాని అనర్హం, అనంతం. గ్రీకులోనూ అక్షరాలా ఇదే నియమం. కోయరానిది అనే అర్థంలో అ చేర్చి ఆటమ్. రక్తం లేకపోవడం అనే అర్థంలో, ‘హైమ’లోని హకారం జారిపోయి అచ్చు మిగలడంతో, అన్ చేర్చి అనీమియా. అనంతపురం పిల్లవాడు తన ఊరి పేరు రాసిన ప్రతిసారీ ఈ నియమాన్ని పాటిస్తున్నాడు. ఆ జిల్లాలోనే వజ్రకరూరు ఉంది. వజ్రానికి ఇంగ్లీషులో వాడే డైమండ్ అనే మాట ‘అదమాస్’ అనే గ్రీకు మాట అరిగి అరిగి మిగిలినది. లొంగదీయలేనిది అని దానికి సాధారణంగా చెప్పే వ్యుత్పత్తి. దమనంలోని దమ్ ధాతువే అది, కనుక అదమాస్ అంటే అదమ్యం. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్విన రాతినారకు ఉన్న పేరు ఆస్‌బెస్టస్‌లోనూ ఈ అ ఉంది: ఆర్పలేనిది.

ముక్కలు అతుక్కునే పద్ధతి కూడా మనకు కొత్త కాదు. విభక్తి ప్రత్యయాలు లోపించి రెండు మాటలు ఒకటి కావడం సమాసమని మన వ్యాకరణం చెబుతుంది. గ్రీకు సమాసాల్లో రెండు ముక్కల నడుమ తరచుగా ఒ అనే అచ్చు వచ్చి నిలుస్తుంది: న్యూర్, ఒ, లజీ. రెండో ముక్క అచ్చుతో మొదలైతే ఆ ఒ లోపిస్తుంది. అందుకే నరాల శాస్త్రం న్యూరాలజీ అయినప్పుడు ఒ ఉంది, నరాల నొప్పి న్యూరాల్జియా అయినప్పుడు లేదు. అక్కడ వినిపించే ఆకారం ‘అల్గొస్’, అంటే నొప్పి, అనే మాటకు చెందినది. సైకాలజీ, సైకియాట్రీ కూడా ఈ తేడాతో ఏర్పడిన జంటే. కలయికను తెలిపే ‘సున్’ అనే ఉపసర్గ పవర్గం ముందు సిమ్ అవుతుంది, లకారం ముందు సిల్ అవుతుంది: సింఫనీ, సిలబుల్. ఉత్ అనేది ల ముందు చేరి ఉల్లాసం అయినట్టు, సత్ అనేది జ ముందు చేరి సజ్జనుడు అయినట్టు. తత్, హితం కలిసి తద్ధితం అయినప్పుడు హకారం పక్క హల్లులో కలిసిపోయి దాన్ని ఒత్తు చేసింది కదా. ‘మెత’ చివరి అచ్చు పోయి ‘హొదొస్’ అనే దారితో కలిసినప్పుడు తకారం థకారమై మెథడ్ పుట్టింది. సంధి విడదీయడం తెలిసినవారికి ఇది ఒక్కసారి చూపిస్తే చాలు.

గ్రీకు మాటలను నేను ఇక్కడ తెలుగు లిపిలో ఒ, ఓలు, ఎ, ఏలు వేరుచేసి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. కొవిడ్ కాలంలో అందరి నోటా నలిగిన ఒమిక్రాన్ గ్రీకు వర్ణమాలలోని ఒక అక్షరం పేరు. ‘ఒ మిక్రొన్’, అంటే చిన్న ఒ. వర్ణమాల చివర ఉండే ఒమెగా ‘ఓ మెగ’, అంటే పెద్ద ఓ. హ్రస్వమైన ఒ, దీర్ఘమైన ఓ. ఎ, ఏలకూ వాళ్లకు విడివిడి అక్షరాలున్నాయి. సంస్కృతానికి హ్రస్వమైన ఎ, ఒ లేవు; రోమన్ లిపికి ఆ భేదం చూపే అక్షరాలు లేవు. తెలుగు లిపికి రెండూ ఉన్నాయి. పై మాటలో మెగ మన మహాకు చుట్టమని కూడా ఈ పాటికి ఊహించే ఉంటారు. సీమ గుట్టల్లో అక్కడక్కడా కనిపించే మెగాలిథిక్ సమాధులు మహాశిలల సమాధులే.

ఒత్తుల విషయంలోనూ మనకు ఇలాంటి లాభమే ఉంది. ఇంగ్లీషులో ఎఫ్ ఉండగా ఫొటో, ఫోన్, ఫిలాసఫీ వంటి మాటలకు పి, హెచ్ ఎందుకు రాయాలని పిల్లలు అడుగుతారు. ప్రాచీన గ్రీకులో ఆ అక్షరం ఇంగ్లీషు ఎఫ్ కాదు, మన ఫ: పకారానికి ఒత్తు. అలాగే వాళ్లకు మన థ, ఖలు కూడా ఉండేవి. ఒత్తు అక్షరాలు లేని రోమన్లు ప, త, క ధ్వనులకు తమ అక్షరాలు వేసి పక్కన హెచ్ చేర్చి సరిపెట్టుకున్నారు. తర్వాతి కాలంలో గ్రీకులోనే ఫ పలుకు మారి పెదవిని పంటితో తాకించే ధ్వని అయింది. ఫలం, ఫలితం అనే మాటలను ఈనాటి మన కుర్రకారు పలుకుతున్న తీరు కూడా అటే వెళుతోంది. పలుకు మారినా రాత మిగిలింది. ఇంగ్లీషులో సి, హెచ్ రాసి క అని పలికే కేరెక్టర్, ఎకో, క్రానిక్ వంటివన్నీ ఒకనాటి ఖకారాలు. మాట నడుమ ఐ రావలసిన చోట వై కనిపిస్తే అది కూడా చాలావరకు గ్రీకు గుర్తే. ఉ, ఇల నడుమ పలికే ఒక అచ్చుకు రోమన్లు ఆ అక్షరం వాడారు, దాన్నే నేను పైన ఉగా రాస్తూ వచ్చాను.

పలకని అక్షరాల సంగతి చాలామందిని వేధిస్తుంది. న్యుమోనియా ముందు పి ఎందుకు, ఎర్రచందనం పేరు ముందు పి ఎందుకు, జ్ఞాపకం పెట్టుకునే చిట్కాకు వాడే నిమానిక్ అనే మాట ముందు ఎమ్ ఎందుకు? గ్రీకు నోటికి ప్న, ప్త, మ్న అనే సంయుక్తాక్షరాలు మాట మొదట పలకడం కష్టం కాదు. ఇంగ్లీషు నోరు అక్కడ మొదటి హల్లును వదిలేసింది. చూడవలసిన విషయం ఏమిటంటే, ఆ మూలానికి ముందు మరో ముక్క చేరిందంటే మూగబోయిన అక్షరం మళ్లీ మాట్లాడుతుంది. న్యుమోనియాలో వినపడని ప, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అయిన ఆప్నియాలో స్పష్టంగా వినిపిస్తుంది. నిమానిక్‌లో వినపడని మ, మతిమరుపు జబ్బు అయిన ఆమ్నీషియాలో పలుకుతుంది. జ్ఞానానికి సంబంధించినది అనే అర్థపు నాస్టిక్‌లో వినపడని గ, దేవుడున్నాడో లేడో తెలియదనేవారిని చెప్పే అగ్నాస్టిక్‌లో పలుకుతుంది. టెరోకార్పస్ ముందు మూగగా ఉన్న ప అయితే హెలికాప్టర్‌లో గట్టిగా వినపడుతుంది. హెలికాప్టర్‌ను హెలి, కాప్టర్ అని విరవడం జనం అలవాటు. నిజానికి అది ‘హెలిక్స్’, అంటే మెలిక, ‘ప్తెరొన్’, అంటే రెక్క, ఈ రెండూ కలిసిన మాట. ఎర్రచందనం కాయకూ హెలికాప్టరుకూ ఉన్న రెక్క ఒకటే, మన పత్రంలోని పత్ ధాతువుకు, అంటే ఎగరడానికి, సంబంధించినది.

ఇంతవరకు సుగమంగా ఉన్న దారిలో కొన్ని గుంటలున్నాయి. వాటిని దాచడం సరికాదు. మొదటిది, పోలిక అంతా చుట్టరికం కాదు. ‘బరుస్’ అన్న వెంటనే తెలుగువాడి మనసు బరువు దగ్గరికి పరుగెత్తుతుంది. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. బరుస్‌కు నిజమైన చుట్టం గురు, లఘువుకు ఎదురైన గురువు. చూడడానికి దగ్గరగా ఉన్నది పరాయిది, దూరంగా ఉన్నది సొంతం. దేవుడికి గ్రీకులో ‘థెఒస్’ అంటారు. అది దేవ శబ్దానికి సోదరి అనిపిస్తుంది, కాని కాదు. దేవకు గ్రీకులో సరైన బంధువు జ్యూస్ అనే వాళ్ల దేవరాజు పేరు. ధ్వని నియమం ఒప్పుకుంటేనే బంధుత్వం చెప్పాలి తప్ప చెవికి ఇంపుగా ఉందని చెప్పకూడదు. ప్రపంచంలోని మాటలన్నీ మన భాష నుంచే పుట్టాయని నిరూపించే ఉత్సాహంతో ఇలాంటి పోలికలు ప్రచారం చేసేవారు చాలామంది ఉన్నారు. వాళ్లవల్ల నిజమైన సంబంధాలమీద కూడా జనానికి నమ్మకం పోతోందని నా బాధ.

రెండోది, ఒకేలా కనిపించే ముక్కలు వేర్వేరు మూలాలవి కావచ్చు. పీడియాట్రిక్స్‌లోనిది గ్రీకు ‘పైస్’, పిల్లవాడు. పెడల్‌లోనిది లాటిన్ పాదం. నేలల శాస్త్రమైన పెడాలజీలోనిది గ్రీకు ‘పెదొన్’, నేల. ఆర్థోపెడిక్స్ అనగానే పాదం గుర్తొస్తుంది, కాని 1741లో ఆ మాటను కల్పించిన ఫ్రెంచి వైద్యుడు ఆంద్రీ ఉద్దేశించింది పిల్లల వంకర అవయవాలను తిన్నగా చేయడం. అన్ చూసిన ప్రతిచోటా నిషేధం అనుకోవడమూ పొరపాటే. 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చిన ఆనోడ్‌లో ఉన్నది ‘అన’, అంటే పైకి. దారికి చేరి పైకి వెళ్లే దారి అయింది. దాని జంట కేథోడ్ కిందికి దిగే దారి.

మూడోది సంకర సమాసాలు. సంస్కృత పదంతో అచ్చతెలుగు పదాన్ని అడ్డదిడ్డంగా సమసిస్తే మన పండితులు వైరి సమాసమని తప్పుపడతారు. ఏవి మిశ్ర సమాసాలుగా చెల్లుతాయో చిన్నయసూరి బాలవ్యాకరణం విభజించి చెప్పింది. ఇంగ్లీషులోనూ ఈ గొడవ నడిచింది. టెలివిజన్‌లో మొదటి ముక్క గ్రీకు, రెండోది లాటిన్. సోషియాలజీలో మొదటిది లాటిన్, రెండోది గ్రీకు. అనంతపురం జిల్లాలో కొన్ని పల్లెల బోరునీటితో వచ్చే ఫ్లోరోసిస్ కూడా ఇలాంటిదే. పండితులు ఎంత గొణిగినా ఈ మాటలు నిలిచాయి. విడదీసేటప్పుడు రెండు ముక్కలనూ ఒకే భాషలో వెతక్కూడదని గుర్తుంచుకుంటే చాలు.

అన్నిటికంటే పెద్ద గుంట అర్థం విషయంలో ఉంది. మూలం మాట పుట్టిన నాటి ఆలోచనను చెబుతుంది. నేటి అర్థానికి అది పూచీ పడదు. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని లావోయిజియే నమ్మాడు కనుక దానికి ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని 1810 నాటికే హంఫ్రీ డేవీ తేల్చాడు, అయినా పేరు పోలేదు. మన ఆమ్లజని కూడా ఆ పాత నమ్మకాన్నే మోస్తోంది. కోయరాని ఆటమ్‌ను చీల్చి శక్తి తీస్తున్నాం. ఆర్పలేనిది అన్న పేరు గ్రీకులు మొదట కాల్చిన సున్నానికి పెట్టుకున్నది. నిప్పుకు చెక్కుచెదరని రాతినారకు అది పొరపాటున మళ్లింది. స్కూల్ అనే మాటకు మూలమైన ‘స్ఖొలే’కు తీరిక అని అర్థం. ఈఈజీ, ఈసీజీల్లో ఉన్న ‘ఏలెక్త్రొన్’ తృణమణి, అంటే యాంబర్, పేరు. రుద్దితే గడ్డిపరకను లాగే ఆ గుణం చూసి 1600లో గిల్బర్ట్ ఆ ఆకర్షణకు ఆ పేరు వాడాడు. మూలం తెలిసినంత మాత్రాన నిఘంటువు అక్కర్లేదనుకునేవారిని ఈ మాటలే పట్టిస్తాయి. మూలంతో ఊహించాలి, నిఘంటువుతో సరిచూసుకోవాలి. రెండూ చేసినప్పుడే మాట మనసులో నిలుస్తుంది.

పాఠశాలలో దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఉపసర్గలతో అంటాను, వాటిలోనూ హైపో, హైపర్ అనే జంటతో. చెవికి దాదాపు ఒకేలా వినిపించే ఈ రెండూ ఇప్పుడు ప్రతి ఇంటి మందుల సంచిలో ఉన్నాయి. థైరాయిడ్ తక్కువైతే హైపో, ఎక్కువైతే హైపర్. మందు ఒకదానికి వేసేది మరోదానికి వేయకూడదు. చక్కెర జబ్బు ఉన్నవారికి హైపోగ్లైసీమియా వస్తే వెంటనే ఇంత చక్కెరో గ్లూకోజో నోట్లో వేయాలి. హైపర్‌గ్లైసీమియా అయితే అదే చక్కెర హాని చేస్తుంది. పెద్దవాళ్ల వెంట ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు చెప్పింది విని, ఇంటికొచ్చి అందరికీ వివరించేది పదో తరగతి చదివే మనవడో మనవరాలో అయిన ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లకు హైపో అంటే ఉప, నేలకు దిగువ, వేరుశనగ కాయ ఉన్న చోటు అనీ, హైపర్ అంటే ఉపరి, పైన అనీ ఒక్కసారి తరగతిలో చెబితే, చీటీ మీద ఏ మాట రాసి ఉందో తడబడకుండా చదివి చెప్పగలుగుతుంది.